ఏడు సంతకాల సంఘం

భారత రాజ్యాంగం పల్లెకు ఇచ్చిన ఒక వేదికను పట్టణానికి ఇవ్వలేదు. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణతో గ్రామంలోని ఓటర్లందరూ సభ్యులుగా ఉండే గ్రామసభకు రాజ్యాంగంలోనే చోటు దక్కింది. అదే ఏడాది అమలైన 74వ సవరణ మాత్రం 3 లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న పట్టణాల్లో వార్డు కమిటీలు ఉండాలని చెప్పి ఊరుకుంది; ఆ కమిటీ ఒక్క వార్డుకే ఉంటుందా, కొన్ని వార్డులకు కలిపి ఉంటుందా, అందులో కూర్చునేవారు ఎవరు అన్న సంగతులను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక 500 జనాభా దాటిన తండాలు సైతం సొంత గ్రామపంచాయతీలై సర్పంచులను ఎన్నుకుంటున్నాయి. 2011 జనగణన నాటికే 67 లక్షలు దాటిన హైదరాబాద్ మహానగరపాలక సంస్థ జనాభాను 2009 ఎన్నికల నాటి 150 డివిజన్లతో భాగిస్తే ఒక్కో కార్పొరేటరు వంతుకు సుమారు 45 వేల మంది వస్తారు; అంటే ఐదు వేల మంది కాపురముండే ఒక మోస్తరు కాలనీకి దక్కేది కార్పొరేటరులో తొమ్మిదో వంతు. తండాలో వీధిదీపం వెలగకపోతే అడగడానికి ఎన్నికైన మనిషి పిలుపు దూరంలో ఉంటాడు. కాలనీలో ఆ మనిషి లేడు. ఆ ఖాళీలో, ఏ సవరణా అడగకుండానే, తనంత తానుగా మొలిచిన సంస్థ కాలనీ సంక్షేమ సంఘం.

ఈ సంఘాన్ని వాడుకలో వెల్ఫేర్ అసోసియేషన్ అనీ, అపార్ట్‌మెంట్లలో ఓనర్స్ అసోసియేషన్ అనీ, ఢిల్లీ అలవాటును బట్టి ఆర్‌డబ్ల్యూఏ అనీ పిలుస్తున్నప్పటికీ, చట్టం దృష్టిలో అది సాహితీ సంస్థకూ, క్రీడా క్లబ్బుకూ, భజన మండలికీ భిన్నమైనదేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో చేసిన సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇందుకు ఆధారం. అంతకు ముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి కేంద్ర చట్టం, తెలంగాణలో 1350 ఫసలీ నాటి నిజాం చట్టం నడిచేవి. ఫసలీ అంటే పంటల లెక్కన సాగే రెవెన్యూ సంవత్సరం. దానికి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది కనుక ఆ చట్టం పుట్టింది 1940 ప్రాంతంలో. కనీసం ఏడుగురు వయోజనులు సంతకాలు చేసి, సంఘం ఉద్దేశాలు తెలిపే పత్రాన్నీ, దాని నడవడికను నిర్ణయించే బైలాస్ అనే నియమావళినీ రిజిస్ట్రారుకు సమర్పిస్తే సంఘం పుడుతుంది. పుట్టిన సంఘానికి పేరుంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, కోర్టులో దావా వేసే అర్హత ఉంటుంది. పన్ను వేసే అధికారం గానీ, చందా కట్టని ఇంటి నల్లా కట్టేసే అధికారం గానీ, తాను ఊడ్పించే రోడ్డు మీద యాజమాన్యం గానీ ఉండవు. పట్టణ స్థానిక పాలన గురించి రాసేవారు పాలక సంస్థలనూ, వాటి నిధులనూ, మేయర్ల అధికారాలనూ చర్చించి ఆగిపోవడం పరిపాటి. ఏ అధికారమూ లేని ఈ సంస్థ మున్సిపాలిటీ చేయవలసిన పనుల్లో సగానికి కాపలాదారుగా ఎలా మారిందన్నదే అసలు ఆసక్తికరమైన విషయం.

ఉద్యోగాల పేర్లున్న కాలనీలు

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచెత్తిన తర్వాత, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను సవరించి, వీధులు తీర్చి, వరుస ఇళ్లు కట్టించింది. ప్రణాళిక ప్రకారం వెలసిన నివాస ప్రాంతాలకు అది తొలి పాఠమే అయినా, ఆ ఇళ్లు ప్రభుత్వం కట్టి ఇచ్చినవి. నివాసుల సంఘం అన్న ఊహకు అక్కడ తావు లేదు. ఆ ఊహకు అసలైన పునాది స్వాతంత్ర్యానంతరం గృహనిర్మాణ మండలి ఇళ్లలోనూ, ఉద్యోగుల సహకార సంఘాలు కొన్న భూముల్లోనూ పడింది. ఎన్‌జీవోస్ కాలనీ, ఏజీ కాలనీ, ఎల్‌ఐసీ కాలనీ, పీ అండ్ టీ కాలనీ అంటూ హైదరాబాదులోనూ ఇతర పట్టణాల్లోనూ వినిపించే పేర్లన్నీ ఒకే కార్యాలయంలో పనిచేసినవారు ఒకే చోట స్థలాలు కొనుక్కున్న కాలానికి గుర్తులు. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో నేటికీ చిరునామా చెప్పేటప్పుడు ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ అని అల్ప, మధ్య, ఉన్నత ఆదాయ వర్గాల పొడి అక్షరాలు తప్పనిసరిగా వస్తాయి. మండలి వేసిన ఆర్థిక తరగతి ఇంటి నంబరులో భాగమై మిగిలిపోయింది. విశాఖపట్నంలో నగరాభివృద్ధి సంస్థ తీర్చిదిద్దిన ఎంవీపీ కాలనీ పేరులో మువ్వలవానిపాలెం అనే పాత పల్లె మూడక్షరాలుగా ముడుచుకుని ఉంది.

ఈ పుట్టుక సంఘాల స్వభావాన్ని నిర్ణయించింది. పదవీ విరమణ చేసిన గుమస్తాలు, సూపరింటెండెంట్లు, ఇంజనీర్లు కార్యదర్శులయ్యారు; ముప్పై ఏళ్లు ఫైళ్లు నడిపినవారికి ఫైలు ఎక్కడ ఆగుతుందో, ఏ బల్ల మీద నిద్రపోతుందో, ఎవరికి నకలు పంపితే కదులుతుందో తెలుసు. సంఘం ఆయుధం లెటర్‌హెడ్. పైన రిజిస్ట్రేషన్ నంబరు, ఎడమ అంచున కార్యవర్గ సభ్యుల పేర్లు, కింద గుండ్రటి రబ్బరు స్టాంపు ఉన్న ఆ కాగితం మీద రాసిన వినతిపత్రాన్ని రెండు ప్రతులుగా తీసుకెళ్లి, ఒకటి ఇన్‌వర్డు విభాగంలో ఇచ్చి, రెండో దాని మీద తేదీతో సహా అందినట్లు ముద్ర వేయించుకోవడం ఈ లోకంలో ఒక శాస్త్రం. ఆ ముద్ర ఉన్న నకలే తర్వాత సమాచార హక్కు దరఖాస్తుకు ఆధారమవుతుంది, పత్రికా విలేకరి చేతికి వెళుతుంది, అవసరమైతే హైకోర్టు పిటిషనులో అనుబంధంగా చేరుతుంది. వాట్సాప్ గ్రూపులో గుంత ఫొటో పెట్టడమే పౌర చర్యగా చెలామణీ అయ్యే కాలంలో ఈ పద్ధతి పాతబడినట్లు కనిపించవచ్చు గానీ, ఫొటోకు ఇన్‌వర్డు నంబరు ఉండదు.

ట్రంకు పెట్టెలోని పటం

కాలనీ సంఘం చేసే పనులన్నిటిలోకీ విలువైనది బహుశా అందరికీ కనిపించనిది: లేఅవుట్ పటాన్ని భద్రపరచడం. లేఅవుట్ అంటే ఒక భూఖండాన్ని ప్లాట్లుగా, రోడ్లుగా, ఖాళీ జాగాలుగా విడగొట్టి చూపే ప్రణాళిక. దాన్ని హైదరాబాదు చుట్టుపక్కల 1975 నుంచి పట్టణాభివృద్ధి సంస్థ హుడా, 2008 నుంచి దాని స్థానంలో వచ్చిన హెచ్‌ఎండీఏ ఆమోదిస్తూ వచ్చాయి. నిబంధనల ప్రకారం మొత్తం విస్తీర్ణంలో కనీసం 10 శాతాన్ని పార్కు వంటి ఉమ్మడి అవసరాలకు వదిలి, గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలి. అనుమతి లేని లేఅవుట్లలో ఈ పది శాతం కాగితం మీద కూడా ఉండదు. తెలంగాణలో 2020లో తెచ్చిన క్రమబద్ధీకరణ పథకం అలాంటి చోట్ల ప్లాటు విలువలో 14 శాతాన్ని ఖాళీ జాగా రుసుముగా వసూలు చేయాలనడంలో ఉన్న తర్కం ఇదే. అయితే రుసుము కట్టినంత మాత్రాన ఆ కాలనీలో చెట్టు మొలవదన్నది వేరే సంగతి.

అనుమతి ఉన్న లేఅవుట్లలో సైతం పార్కు జాగా పదేళ్లు ఖాళీగా ఉంటే చాలు, దాని మీద కొత్త ప్లాటు నంబర్లు పుట్టుకొస్తాయి. 150 ప్లాట్లున్న లేఅవుట్‌లో 151వ ప్లాటు అమ్మకానికి రావడం, దానికి దస్తావేజు రిజిస్టరు కావడం, దాని చుట్టూ రాత్రికి రాత్రే ప్రీకాస్ట్ గోడ లేవడం నగర శివార్ల నివాసులకు కొత్త కథ కాదు. 2007లో పన్నెండు శివారు మున్సిపాలిటీలు హైదరాబాదులో కలిసినట్లే, పంచాయతీ మున్సిపాలిటీగా, మున్సిపాలిటీ మహానగరంలో భాగంగా మారిన ప్రతిసారీ రికార్డులు ఒక భవనం నుంచి మరో భవనానికి మారతాయి, కొన్ని దారిలో జారిపోతాయి. అలాంటప్పుడు గోడ కట్టినవాడికి ఎదురు నిలిచేది, సంఘం పాత కార్యదర్శి ఇంట్లో ట్రంకు పెట్టెలో మడతల దగ్గర చిరిగి, సెల్లోటేపుతో అతికించిన నీలిరంగు ముద్రాపటం. నగరంలో విపత్తుల నిర్వహణకూ, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణకూ 2024 జూలైలో ఏర్పాటైన హైడ్రా ముందుకు సోమవారాల ప్రజావాణిలో వచ్చే ఫిర్యాదుల్లో పార్కులకూ రోడ్లకూ సంబంధించినవి పెద్ద భాగమేనంటే, వాటి వెనుక ఇలాంటి పటాలెన్నో బయటికి వస్తున్నాయని అర్థం.

పార్కు కోసం పోరాడే హక్కు నివాసులకు ఉందా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1991లోనే జవాబు చెప్పింది. బెంగళూరు రాజ్‌మహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్‌లో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఆసుపత్రి కోసం ఒక ప్రైవేటు ట్రస్టుకు ఇవ్వగా, స్థానిక నివాసులు కోర్టుకెక్కారు. బెంగళూరు మెడికల్ ట్రస్టు వర్సెస్ ముద్దప్ప అన్న పేరుతో ప్రసిద్ధమైన ఆ కేసులో న్యాయస్థానం కేటాయింపును తప్పుపట్టడమే కాక, ఆ ప్రాంతంలో నివసించేవారికి ప్రశ్నించే అర్హత ఉందని తేల్చింది. ఆసుపత్రి కూడా ప్రజోపయోగమే కదా అన్న వాదన అక్కడ నిలవలేదు.

తెలుగు నగరాల్లో ఈ వాదనకు ఒక ఇబ్బందికరమైన రూపాంతరం ఉంది. కబ్జాదారు నుంచి పార్కును కాపాడిన సంఘమే ఆ పార్కులో ఒక మూల గుడి, మరో మూల కమ్యూనిటీ హాలు, మధ్యలో సంఘ కార్యాలయం కట్టుకున్న ఉదాహరణలకు కొదవ లేదు. గుడిని తాకే ధైర్యం ఏ అధికారికీ ఉండదన్న ముందుచూపుతో, అంటే జాగాకు కంచెగా, గుడి కట్టడం కూడా కద్దు. చివరికి పిల్లలు ఆడుకోవడానికి మిగిలేది హాలుకూ ప్రహరీకీ నడుమ ఉన్న సందు మాత్రమే కావచ్చు.

వాల్వు, పూడిక, చెరువు

సంఘం రోజువారీ జీవితం మాత్రం నీళ్ల చుట్టూ తిరుగుతుంది. హైదరాబాదులో జలమండలి చాలా ప్రాంతాలకు రోజు విడిచి రోజు నీరిస్తుంది. నీటి వేళకు లైన్‌మన్ పొడవాటి ఇనుప కీతో వచ్చి, రోడ్డు పక్క గుంతలోని వాల్వును కొన్ని చుట్లు తిప్పి, మరో వీధికి వెళ్లిపోతాడు. పల్లంలో ఉన్న ఇళ్ల సంపులు ముందు నిండుతాయి. మిట్టన ఉన్న ఇళ్లకు నీటి ఒత్తిడి చేరేసరికి పల్లపు ఇళ్లలో మోటార్లు నేరుగా నల్లా పైపుకే తగిలించి లాగుతుంటాయి. మోటారు పెట్టడం నిబంధనలకు విరుద్ధమని అందరికీ తెలుసు, ఎవరి ఇంట్లో ఉందో కూడా తెలుసు. ఏ వీధి వాల్వు ముందు తిప్పాలి, ఎన్ని చుట్లు తిప్పాలి అన్న ఒప్పందం ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ ఉండదు; సంఘం కార్యదర్శికీ లైన్‌మన్‌కూ నడుమ, దసరా మామూలుతో సహా, నోటిమాటగా నడుస్తుంది. నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితంగా నీరిచ్చే పథకం 2021 జనవరిలో మొదలయ్యాక బిల్లు బాధ చాలామందికి తీరింది గానీ, ఆ 20 వేల లీటర్లు మిట్ట మీది ఇంటికి ఎక్కించే బాధ్యత మళ్లీ ఈ నోటిమాట ఒప్పందానిదే.

మురుగునీటి సంగతి ఇంకా విచిత్రం. వానాకాలానికి ముందు పూడికతీత చేపట్టడం ఆనవాయితీ. పూడిక అంటే కాలువలోనూ మ్యాన్‌హోళ్లలోనూ పేరుకునే ఇసుక, ప్లాస్టిక్, భవన శిథిలాల బురద. తీసిన బురదను పచ్చిగా లారీలో ఎత్తితే రోడ్డంతా కారుతుంది కనుక, ఆరేదాకా మ్యాన్‌హోలు పక్కనే కుప్ప పోసి వదిలేస్తారు. ఆరిన తర్వాత ఎత్తవలసిన వాహనం రావడానికి వేరే ఫైలు, వేరే బిల్లు కావాలి. ఈలోగా రోహిణి కార్తె చివరి రోజుల్లో ఒక గాలివాన కొట్టి కుప్పలో సగాన్ని తిరిగి అదే రంధ్రంలోకి చేరుస్తుంది. పూడిక తీసినట్లు కొలతల పుస్తకంలో ఒకసారి, మళ్లీ తీసినట్లు మరోసారి రాయడానికి ఇది ఎంత అనువైన ఏర్పాటో వేరే చెప్పనక్కర్లేదు. కుప్పను ఫొటో తీసి, తేదీ వేసి, ఎత్తేదాకా రోజూ ఫోన్ చేసే మనిషి ఉన్న వీధికీ, లేని వీధికీ ఆగస్టులో తేడా తెలుస్తుంది.

ఆ తేడా కూడా ఒక హద్దు దాకానే. బేగంపేటలో ఒక్క రోజులోనే 24 సెంటీమీటర్ల వాన నమోదైన 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరు 13 రాత్రి కుంభవృష్టిలోనూ మునిగిన కాలనీల్లో చురుకైన సంఘాలున్నవి తక్కువేమీ కాదు. 2020 వానల తర్వాత జల్‌పల్లి పరిధిలోని ఉస్మాన్‌నగర్ నెలల తరబడి నీళ్లలోనే ఉండిపోయింది. గొలుసుకట్టు చెరువుల నగరంలో ఎగువ చెరువు అలుగు పారితే ఆ నీరు దిగువ చెరువుకు చేరే దారి నాలా. ఆ దారిలో ఇళ్లు లేస్తే నీరు ఇళ్లలోంచే వెళుతుంది. చెరువు నిండినప్పుడు నీరు చేరే గరిష్ఠ హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. దానికి వెలుపల, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్‌గా విడవాలని 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు చెబుతాయి. సంఘాలకు నైతికంగా అత్యంత కఠినమైన పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. తమ వీధి మునిగినప్పుడు ఎగువన నాలా ఆక్రమణలు తొలగించాలని వినతిపత్రం ఇచ్చే సంఘమే, తమ కాలనీ చివరి రెండు వరుసలు ఎఫ్‌టీఎల్‌లో ఉన్నాయని సర్వే తేల్చినప్పుడు ఆ సర్వేను సవాలు చేస్తూ కోర్టుకు వెళుతుంది. రెండు చోట్లా అది తన సభ్యుల పక్షానే నిలబడింది. చెరువు పక్షాన నిలబడమని బైలాస్‌లో ఎక్కడా రాసి ఉండదు.

వచ్చిపోయే కమిటీలు

పౌరుల భాగస్వామ్యం కోసం ప్రభుత్వాలు చేసిన ప్రయత్నాలు తక్కువేమీ కావు. హైదరాబాదు నగరపాలక సంస్థ 1967లోనే పట్టణ సముదాయాభివృద్ధి పథకం కింద బస్తీల్లో స్థానిక కమిటీలను కూడగట్టింది. దేశంలో ఆ తరహా ప్రయోగాల్లో అది చెప్పుకోదగినది. 1997 జనవరిలో మొదలైన జన్మభూమి కార్యక్రమం, పనిలో కొంత వాటా ప్రజలు పెట్టుకుంటే మిగతాది ప్రభుత్వం పెడుతుందన్న సూత్రంతో కాలనీ సంఘాలకు కొత్త ఊపు తెచ్చింది. వాటా సొమ్ము పోగు చేయగల కాలనీకి సిమెంటు రోడ్డు వచ్చింది, చేయలేని బస్తీ వెనుకబడింది. అదే కాలంలో ముంబయిలో 1997 ప్రాంతంలో వీధుల వారీ నిర్వహణ బృందాలు, ఢిల్లీలో 2000లో షీలా దీక్షిత్ ప్రభుత్వం ఆరంభించిన భాగీదారీ కనిపిస్తాయి. 2005 డిసెంబరులో జవాహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం వచ్చినప్పుడు, ప్రజా భాగస్వామ్య చట్టం చేస్తేనే నిధులని కేంద్రం షరతు పెట్టడంతో ఏరియా సభ అన్న మాట చట్టాల్లోకి ఎక్కింది. పోలింగు కేంద్రాల పరిధిలోని ఓటర్లందరితో ఏర్పడే పట్టణ గ్రామసభగా ఊహించిన ఆ ఏరియా సభ, ప్రతినిధుల ఎన్నికకు బదులు నామినేషన్ల దారి పట్టి, ఊహించినవారికే గుర్తుపట్టరాకుండా పోయింది.

తెలంగాణ 2019 మున్సిపల్ చట్టం హైదరాబాదు వెలుపలి పట్టణాల్లో ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో 15 మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాయి. హైదరాబాదులో 2023 జూన్‌లో వార్డు కార్యాలయాలు తెరిచారు. ఒక్కో ప్రభుత్వం ఒక్కో పేరు తెస్తుంది. ముందటి పేరు ఎక్కడికి పోయిందని అడిగేవారుండరు. ఇన్ని పేర్ల మధ్య ఏ పథకమూ సృష్టించని సంఘం మాత్రం అదే రబ్బరు స్టాంపుతో కొనసాగుతోందంటే, దానికి నిధులు పై నుంచి రాకపోవడమే కారణమని ఊహించడం తప్పు కాదు: నెలకు వందో రెండొందలో ఇచ్చే ఇళ్లు ఉన్నంత కాలం దాన్ని రద్దు చేసే జీవో ఎవరూ ఇవ్వలేరు.

కాలనీ గడప దాటి నగరమంతటి విషయంలో గొంతు కలిపిన సందర్భాలూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో అద్దె విలువకు బదులు ఆస్తి మూలధన విలువ ఆధారంగా ఇంటి పన్ను వేసే సవరణ 2020 చివరలో వచ్చినప్పుడు, విజయవాడ, విశాఖపట్నాల్లో పన్ను చెల్లింపుదారుల, నివాసుల సంఘాలు కలిసి దాన్ని ఎదిరించాయి. అద్దె విలువ పద్ధతిలో ఇల్లు ఏటా తెచ్చిపెట్టగల అద్దెను అంచనా వేసి పన్ను కడతారు. మూలధన విలువ పద్ధతిలో రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే మార్కెట్ విలువ పెరిగినప్పుడల్లా, ఇంట్లో ఇటుక కదలకపోయినా పన్ను పెరిగే వీలుంటుంది. పింఛను మీద బతికే విశ్రాంత ఉద్యోగి ఈ తేడాను ఆర్థికశాస్త్ర పాఠం లేకుండానే పట్టుకున్నాడు. తర్వాత వచ్చిన చెత్త రుసుము మీద కూడా ఇదే నిరసన సాగి, 2024లో ప్రభుత్వం మారాక దాని రద్దు ప్రకటన వెలువడింది.

గేటుకు అవతలివారు

రాజనీతి శాస్త్రవేత్త పార్థ చటర్జీ 2004లో వెలువడిన తన గ్రంథంలో పౌర సమాజం, రాజకీయ సమాజం అని ఒక విభజన చేశారు. హక్కుల భాషలో, చట్టం అండతో ప్రభుత్వంతో మాట్లాడే కొద్దిమంది మొదటి కోవకు చెందుతారు. చట్టపరమైన పట్టా లేకపోయినా ఓటు బలంతో, బేరసారాలతో బతుకు నిలుపుకునే అధిక సంఖ్యాకులు రెండో కోవ. హైదరాబాదు వాడుకలో ఈ సిద్ధాంతానికి రెండు చిన్న మాటలున్నాయి: కాలనీ, బస్తీ. కాలనీ లెటర్‌హెడ్‌తో ఆఫీసుకు వెళుతుంది, బస్తీ మనుషులను పోగుచేసుకుని నాయకుడి ఇంటికి వెళుతుంది. కాలనీవాసి ఓటు వేయడానికి బద్ధకిస్తాడని నాయకులకు తెలుసు కనుక రెండో దారికే తొందరగా పని జరగడం కూడా ఉంది. కాలనీ సంఘాలు దీన్ని ఓటు బ్యాంకు రాజకీయమని ఈసడించుకోవడంలో కొంత అసూయ లేకపోలేదు.

పక్క బస్తీకి దారి అయిన వీధికి రాత్రి పది దాటాక గేటు వేయడం, ఆ వీధి లేఅవుట్‌లో పబ్లిక్ రోడ్డుగా ఉన్నా దాన్ని తమ సొంత వాకిలిగా భావించడం, గేటెడ్ సముదాయాల్లో పనిమనుషులు, డెలివరీ కుర్రాళ్లు సర్వీస్ లిఫ్టు మాత్రమే వాడాలని నోటీసు అంటించడం, పెళ్లికాని యువకులకు ఇల్లు అద్దెకివ్వరాదని తీర్మానించడం వంటివి సంఘం బలానికి ఉన్న మరో ముఖం. వీటిలో కొన్నిటికి చట్టంలో ఏ ఆధారమూ లేదు. దీనికి భిన్నంగా, వీధి కుక్కల విషయంలో 2023 నాటి కేంద్ర నిబంధనలు సంఘానికి నేరుగా ఒక బాధ్యత అప్పగించాయి: ఆ ప్రాంతపు కుక్కలకు పిల్లలు ఆడుకునే చోటుకూ, మెట్లకూ, రాకపోకల దారులకూ దూరంగా తిండి పెట్టే జాగా, వేళ నిర్ణయించాల్సింది సంఘమే. కుక్కలకు అన్నం పెట్టేవారూ, కుక్కలను తరిమేయాలనేవారూ ఒకే జనరల్ బాడీలో కూర్చునే సాయంత్రం ఏ కార్యదర్శికీ సుఖంగా గడవదు. అలాగే 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు 5 వేల చదరపు మీటర్లు మించిన గేటెడ్ సముదాయాలు తడి చెత్తను వీలైనంత వరకు లోపలే ఎరువుగా మార్చాలన్నాయి. అడగకుండా పుట్టిన సంస్థకు రాజ్యం ఒక్కో పనీ ఇలా కేటాయిస్తూ పోతోంది. పోలీసులు ‘నేను సైతం’ అంటూ సీసీ కెమెరాల చందా కోరేదీ దాన్నే. పనులు పెరుగుతున్నాయి, అధికారం మాత్రం మొదట్లో ఎంతో ఇప్పుడూ అంతే.

బహుళ అంతస్తుల సముదాయాల్లో సంఘం దాదాపు ఒక చిన్న కంపెనీ. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా), సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా చూడాలని బిల్డరును ఆదేశించింది. ఒక్కో సభ్యుడి నెలవారీ నిర్వహణ రుసుము 7,500 రూపాయలు మించితే జీఎస్టీ లెక్కలు మొదలవుతాయి. లిఫ్టు, జనరేటరు, మురుగు శుద్ధి యంత్రం, కార్పస్ ఫండ్ వడ్డీ మధ్య అక్కడి కార్యదర్శికి మున్సిపల్ ఆఫీసు ముఖం చూసే తీరిక ఉండదు.

సంఘం లోపలి ప్రజాస్వామ్యం గురించి చెప్పాలంటే బతుకమ్మ సాయంత్రాన్నీ, జనరల్ బాడీ ఆదివారాన్నీ పక్కపక్కన చూస్తే సరిపోతుంది. మొదటి దాంట్లో మైదానం నిండా స్త్రీలే ఉంటారు. రెండో దాంట్లో ముందు వరుస ప్లాస్టిక్ కుర్చీల నిండా రిటైరైన పురుషులు, వెనక వరుసలో సాంస్కృతిక కార్యదర్శిగా ఒక స్త్రీ. రెండు ప్యానెళ్లు పోటీపడి, ఓడిన ప్యానెల్ మరో ఏడుగురి సంతకాలతో దాదాపు అదే పేరున ఇంకో సంఘాన్ని రిజిస్టరు చేయించుకోవడం కూడా జరిగేదే. అప్పుడు ఒకే గుంత గురించి రెండు లెటర్‌హెడ్‌లు ఒకే ఇంజనీరు బల్ల మీదికి వస్తాయి, ఇంజనీరుకు రెండిటినీ పక్కన పెట్టే వీలు చిక్కుతుంది. వివాదం ముదిరితే రిజిస్ట్రారు తీర్పు చెప్పడు. చట్టంలోని 23వ సెక్షను ప్రకారం మధ్యవర్తిత్వానికో, జిల్లా కోర్టుకో వెళ్లాలి. గణపతి నవరాత్రుల చందా లెక్క దగ్గర మొదలైన తగువు ఆ మెట్లెక్కేసరికి రెండు మూడు వినాయక చవితులు వెళ్లిపోతాయి.

వీటన్నిటి కంటే పెద్ద ప్రశ్న సభ్యత్వం పుస్తకంలో ఉంది. ఎవరు సభ్యులో నిర్ణయించే స్వేచ్ఛను చట్టం బైలాస్‌కు వదిలేయగా, చాలా బైలాస్ ఆ అర్హతను ప్లాటు లేదా ఇంటి యజమానికే పరిమితం చేశాయి. ఫలితంగా అమెరికాలో స్థిరపడి మూడేళ్లకోసారి వచ్చే యజమానికి ఓటుంటుంది. అతని ఇంట్లో పన్నెండేళ్లుగా అద్దెకుంటూ, నెలనెలా సంఘం చందా కడుతూ, అదే నల్లా కోసం తెల్లవారుజామున లేచే కుటుంబానికి ఉండదు. మున్సిపల్ ఎన్నికలో ఆ కుటుంబానికి ఓటుంది, ఆ ఇంటి చిరునామా మీదే ఓటరు కార్డు ఉంది. అద్దెకున్నవారిని కనీసం అసోసియేట్ సభ్యులుగా చేర్చుకోవాలన్న ప్రతిపాదన అప్పుడప్పుడు వార్షిక సమావేశాల ఎజెండాలో ఎక్కడో చివర, ఇతర అంశాల కింద కనిపిస్తూనే ఉంటుంది. అప్పటికి టీ వచ్చేస్తుంది, కోరం పలచబడుతుంది, మినిట్స్ పుస్తకంలో ఆ అంశం ఎదుట ‘వచ్చే జనరల్ బాడీకి వాయిదా’ అని రాసి అధ్యక్షుడు సంతకం చేస్తాడు.